ఎన్ని బస్సులు మారాలి?

చిలుకూరు మెయిన్ రోడ్డు మీద నాకు ఒక చిన్న ఆన్‌లైన్ సెంటర్ ఉంది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక జిరాక్స్ మిషను, బయట ఒక బెంచీ. ఏడాదిలో ఎక్కువ రోజులు కరెంటు బిల్లులు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, రైతుల భూమి కాగితాలతో గడిచిపోతుంది. ఇంటర్ ఫలితాలు వచ్చాక మాత్రం బెంచీ ఖాళీ ఉండదు. డిగ్రీకి పోయేవాళ్లు ఆన్‌లైన్‌లో సీటు ఎంచుకునే దోస్త్‌కు, ఇంజినీరింగుకు పోయేవాళ్లు ఎప్‌సెట్ కౌన్సెలింగుకు వస్తారు. 2016లో దోస్త్ మొదలయ్యాక రాష్ట్రంలో ఏ మూలనున్నా దాదాపు ఏ డిగ్రీ కాలేజీనైనా మా బెంచీ మీద కూర్చునే ఎంచుకోవచ్చు. అది మంచి మార్పే. ఒక్కో కాలేజీ చుట్టూ తిరిగి అప్లికేషన్లు కొనుక్కునే ఖర్చు, తిప్పలు తప్పాయి. కానీ ఆ స్క్రీన్ మీద అన్ని కాలేజీలూ ఒకే దూరంలో కనిపిస్తాయి. కోదాడ పేరు కింద సూర్యాపేట, దాని కింద నల్లగొండ. వేలు కదిలిస్తే చాలు, ఆప్షన్ పడిపోతుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పిల్లలు ఎక్కడ ఉండి చదువుకోవాలన్నది సీటు వచ్చాక ఆలోచించే విషయం అనుకుంటున్నాం. ఆప్షన్ పెట్టకముందే అది తేలిపోవాలి. తేల్చేటప్పుడు కిలోమీటర్లు పక్కన పెట్టి, ఇంటి గడప నుంచి క్లాసు గది దాకా ఎన్ని బండ్లు మారాలో చూడాలి. ఒక్క బస్సులో చేరిపోయే కాలేజీ అయితే ఇంట్లోనే ఉండి చదువుకోవచ్చు. రెండో బండి ఎక్కాల్సి వస్తే కాగితం, పెన్ను తీసుకుని లెక్క వేయాలి. మూడోది కూడా ఎక్కాలంటే కాలేజీ దగ్గరే ఉండే ఏర్పాటు చూసుకోవాలి. అది కుదరకపోతే ఆ కాలేజీని వదులుకోవాలి. వినడానికి కఠినంగా ఉన్నా, ఇన్నేళ్లుగా ఈ రోడ్డు మీద కూర్చుని చూస్తున్నవాణ్ణి కాబట్టి ఈ మాట చెబుతున్నాను.

మా ఊరు ఎక్కడుందో ముందు చెప్పాలి. వీసా బాలాజీ గుడి ఉన్న చిలుకూరు హైదరాబాదు పక్కనుంది. మాది సూర్యాపేట జిల్లా చిలుకూరు. కోదాడకు, హుజూర్‌నగర్‌కు నడుమ ఉంటుంది. కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ పోయే 167వ నంబరు జాతీయ రహదారి మాది. సూర్యాపేట, మిర్యాలగూడ రెండూ మాకు దాదాపు ఒకే దూరం, యాభై కిలోమీటర్లకు అటూఇటూ. అయితే సూర్యాపేట పోవాలంటే కోదాడలోనో హుజూర్‌నగర్‌లోనో బస్సు మారాలి. కోదాడ–మిర్యాలగూడ బస్సు మా సెంటర్ ముందు నుంచే పోతుంది, ఎక్కితే దిగేది మిర్యాలగూడలోనే. దూరం ఒకటే అయినా ప్రయాణం ఒకటి కాదు. అయినా మావాళ్లు ముందు సూర్యాపేటే పెట్టమంటారు. 2016లో జిల్లా అయినప్పటి నుంచి ఆఫీసు పనులన్నిటికీ కాళ్లు అటే నడుస్తున్నాయి, చదువుకూ అటే.

లోపలి ఊళ్ల పిల్లల సంగతి ఇంకో రకం. బేతవోలు లాంటి ఊళ్ల నుంచి మా రోడ్డు మీదికి ఒక ఆటో, ఇక్కడి నుంచి కోదాడకు బస్సు, కోదాడ బస్టాండు నుంచి కాలేజీకి ఇంకో ఆటో. కాలేజీ ఉన్నది కోదాడలోనే, పక్క ఊరన్న మాటే. కానీ మూడు బండ్లు. పొద్దున మూడు, సాయంత్రం మూడు. అందులో ఏ ఒక్కటి తప్పిపోయినా మిగతా రెండూ తప్పిపోతాయి. యాభై కిలోమీటర్ల మిర్యాలగూడ ఒక్క బస్సులో పోయే పిల్లవాడి కంటే, దానిలో సగం దూరమైనా లేని కోదాడకు మూడు బండ్లు మారి పోయే పిల్లవాడే ముందు అలసిపోతాడు.

బెంచీ మీద కూర్చున్న తండ్రులకు నేను వేసి చూపించే లెక్క ఇది. అంకెలు నావి, ఎవరి రేట్లు వాళ్లు వేసుకోవచ్చు. బస్సు టికెట్టు ఒకవైపు 30 రూపాయలు, బస్టాండు నుంచి కాలేజీకి షేర్ ఆటో 20 రూపాయలు, కాలేజీ నెలకు 24 రోజులు అనుకుందాం. బస్సుకు నెలకు 1,440 రూపాయలు. ఆటోకు 960 రూపాయలు. పెద్ద దూరమంతా బస్సుదే, ఆటోది ఊళ్లో తిరిగే కాస్త దూరమే. అయినా మొత్తం 2,400లో ఆటో వాటా ఐదింట రెండు వంతులు. ఇంట్లో ఎవరూ ఈ 960ని లెక్కలోకి తీసుకోరు. చిల్లర ఖర్చు అంటారు. ఏడాదికి పది నెలలు కాలేజీ అనుకుంటే అది 9,600 రూపాయలు. మూడేళ్ల డిగ్రీకి 28,800.

ఇంజినీరింగు కాలేజీలు చాలావరకు ఊరి బయట, హైవేల పక్కన చవకగా భూమి దొరికిన చోట కట్టినవే. అక్కడికి కాలేజీ బస్సు ఉంటుంది. దాని ఫీజు వేరే కట్టాలి, ఫీజు రీయింబర్స్‌మెంటులో అది రాదు. సీటు వచ్చిన రోజున ట్యూషన్ ఫీజు ప్రభుత్వం కడుతుందని సంతోషపడి వెళ్లినవాళ్లు, బస్సు ఫీజు కాగితం చూసి నా దగ్గరికి మళ్లీ వస్తారు, ఏదైనా స్కాలర్‌షిప్పు ఉందా అన్నా అంటూ.

ఇప్పుడు ఉచిత బస్సు సంగతి. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. తెలంగాణ ఆడపిల్లలు, మహిళలు ఆధార్ చూపించి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్టు మీద ప్రయాణిస్తున్నారు. ఈ పథకం మీద ఎవరేమన్నా నాకు దాని మీద గౌరవం ఉంది. ఇంటర్‌తో ఆగిపోయే ఆడపిల్లలు డిగ్రీ దాకా రావడం నా బెంచీ మీదే చూశాను. టికెట్టు డబ్బుల కోసం పొద్దున్నే తండ్రిని అడగాల్సిన పని లేకపోవడం ఎంత పెద్ద సంగతో అడిగినవాళ్లకే తెలుస్తుంది.

అయితే ఈ పథకం తర్వాత మా దగ్గర ఒక కొత్త పోకడ మొదలైంది. మొన్న వేసవిలో ఒకాయన అన్న మాట: "బిడ్డకు బస్సు ఫ్రీయే కదన్నా, సూర్యాపేటలో పెట్టు. పిలగాన్ని మాత్రం కాలేజీ దగ్గర రూములో ఉంచుతా." ఆయన చెడ్డవాడు కాదు, ఇద్దర్నీ చదివించాలనే తపన ఉన్నవాడే. లెక్క కూడా ఆయన వైపే ఉంది. ముగ్గురు పిల్లలు కలిసి 3,600 రూపాయల గది తీసుకుంటే తలకు 1,200. బియ్యం ఇంటివే, సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే ఇల్లు కదా. గ్యాసు, కూరగాయలు, కరెంటు కలిపి ఇంకో 1,500 అనుకుందాం. వారానికోసారి ఇంటికి వచ్చిపోతే బస్సుకు 240. మొత్తం 2,940. రోజూ తిరిగితే కొడుక్కి 2,400 అవుతుంది కాబట్టి తేడా 540 రూపాయలే. కూతురికి బస్సు ఉచితం, ఆటో ఖర్చు ఒక్కటే, 960. గదిలో పెడితే 2,700. తేడా 1,740. అందుకే కొడుకు గదికి, కూతురు బస్సుకు. ఉచిత టికెట్టు పెట్టినవాళ్లు ఇలా జరగాలని పెట్టలేదు, కానీ ఒకే ఇంట్లో అన్నాచెల్లెళ్ల జవాబులు వేరైపోయాయి.

ఆ తండ్రి లెక్కలో కూతురి గంటలు లేవు. ఒకవైపు గంటన్నర పడితే రోజుకు మూడు గంటలు, నెలకు 72 గంటలు. పైగా ఇంట్లో ఉన్న ఆడపిల్ల బస్సు ఎక్కేలోపు వాకిలి ఊడ్చాలి, అంట్లు తోమాలి, తమ్ముడికి టిఫిన్ కట్టాలి. నాట్ల రోజుల్లో తల్లి తెల్లారేసరికే పొలానికి పోతే వంట కూడా ఆమెదే. సాయంత్రం వచ్చాక మళ్లీ అదే పని. ఇంట్లో ఉంటే ఖర్చు లేదంటున్నాం, ఆ ఇంట్లో ఆమె చేసే పనికి వెల కట్టలేదు కాబట్టి. గదిలో ఉన్న కొడుక్కి సాయంత్రం ఐదు నుంచి పడుకునే దాకా పుస్తకం ముందు కూర్చునే వీలుంది. కూర్చుంటాడా లేదా అన్నది వేరే మాట. కూతురికి ఆ వీలే లేదు.

ఇంకొకటి. జీరో టికెట్టు అన్ని బస్సుల్లో చెల్లదు. డీలక్స్, సూపర్ లగ్జరీ, రాజధాని ఎక్కితే డబ్బులు కట్టాలి. సూర్యాపేటకు, కోదాడకు నడుమ ఉన్నది హైదరాబాదు–విజయవాడ 65వ నంబరు హైవే. దాని మీద బస్సులకు కొదవ లేదు. కానీ సాయంత్రం సూర్యాపేటలో నిలబడ్డ పిల్ల ముందు నుంచి వెళ్లిపోయేవాటిలో చాలా బస్సులు ఆమెవి కావు. ఎక్స్‌ప్రెస్ కోసమో పల్లె వెలుగు కోసమో ఆగాలి. అది కిక్కిరిసి వస్తే ఇంకోదాని కోసం ఆగాలి. ఈలోగా కోదాడలో చిలుకూరు బస్సు కదిలిపోతుంది. చలికాలం ఆరుకే చీకటి పడుతుంది. తల్లి ఫోన్ మీద ఫోన్. ఇలాంటి సాయంత్రాలు నాలుగు వచ్చాక ఆ పిల్ల మధ్యాహ్నం ప్రాక్టికల్స్ వదిలేసి మూడింటికే బస్టాండుకు రావడం మొదలుపెడుతుంది. రికార్డు పక్క పిల్లది చూసి రాసుకుంటుంది. స్కాలర్‌షిప్పుకు 75 శాతం హాజరు కావాలి, అది తగ్గితే టికెట్టులో మిగిలిందంతా అక్కడ పోతుంది. చదువు మానేసేవాళ్లు ఒక్కరోజులో మానేయరు. ముందు ఆఖరి పీరియడ్ పోతుంది.

మగపిల్లల విషయంలో పాసు ఉంది. ఇల్లున్న ఊరికీ కాలేజీ ఉన్న ఊరికీ నడుమ విద్యార్థి పాసు ఆర్టీసీ ఇస్తుంది. 2025 జూన్‌లో పాసుల రేట్లు పెరిగాయి. పెరిగినా టికెట్టు కంటే చాలా చవక. ఎంత దూరానికి ఇస్తారన్న దానికి హద్దుంది కాబట్టి చేరేముందే డిపోలో అడిగి తెలుసుకోవాలి. ఇంటి నుంచి తిరుగుదామనుకునే అబ్బాయి పాసు దొరికే కాలేజీ, దొరకని కాలేజీ ఏవో ముందే చూసుకుంటే పైన నేను వేసిన 1,440 బాగా దిగిపోతుంది.

సరిహద్దు ఊళ్ల వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. మాకు హైదరాబాదు కంటే విజయవాడే దగ్గర, దాదాపు సగం దూరం. పూర్వం కోదాడ, హుజూర్‌నగర్ ప్రాంతం పిల్లలు చదువులకు, కోచింగులకు విజయవాడ పోవడం మామూలు. ఇప్పుడు మా ఆడపిల్లల జీరో టికెట్టు కోదాడ అవతల, రాష్ట్రం హద్దు దగ్గర ఆగిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పేరుతో ఉచిత ప్రయాణం వచ్చింది, అది ఆ రాష్ట్రం ఆధార్ ఉన్న మహిళలకు. జగ్గయ్యపేట ఆడపిల్ల విజయవాడకు ఉచితంగా పోతుంది, మా ఆడపిల్ల హైదరాబాదుకు ఉచితంగా పోతుంది, నడుమ ఉన్న కొద్దిపాటి దూరం మాత్రం ఇద్దరికీ డబ్బులతోనే. రెండు ఆర్టీసీలూ కలిసి సరిహద్దు మండలాల విద్యార్థినులకైనా ఒక ఉమ్మడి పాసు పెట్టవచ్చు.

రైలున్న ఊరి వాళ్లు రైలును మరిచిపోతున్నారు. సూర్యాపేటకు, కోదాడకు ప్రయాణికుల రైలు లేదు. మిర్యాలగూడకు ఉంది. గుంటూరు నుంచి నడికుడి మీదుగా సికింద్రాబాదు వైపు పోయే లైనులోనే మిర్యాలగూడ, నల్లగొండ స్టేషన్లు రెండూ ఉన్నాయి. రైల్వేలో విద్యార్థులకు నెలవారీ సీజన్ టికెట్టు ఉంది. ఇల్లున్న స్టేషన్ నుంచి చదువుకునే ఊరికి ఆడపిల్లలకు డిగ్రీ దాకా, మగపిల్లలకు ఇంటర్ దాకా రెండో తరగతి సీజన్ టికెట్టు ఉచితం. మిగతావాళ్లకు రాయితీ. ఇది ఎప్పటి నుంచో ఉన్న సదుపాయం. మిర్యాలగూడలో బంధువుల ఇల్లున్న పిల్లవాడు నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీకి పోవాలనుకుంటే ముందు చూడాల్సింది రైలు టైములు. వేళ కుదరాలి, కుదిరితే దాన్ని మించిన చవక ప్రయాణం లేదు.

ఇక ప్రభుత్వ హాస్టళ్లు. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ, నల్లగొండల్లో కాలేజీ పిల్లలకు సంక్షేమ హాస్టళ్లున్నాయి. 2024 నవంబరులో మెస్ చార్జీలు 40 శాతం పెంచారు. ఇంటర్ పైన చదివేవాళ్లకు నెలకు 1,500 ఉన్నది 2,100 అయింది. రోజుకు 70 రూపాయలు. దాంతో పొద్దున టిఫిన్, రెండు పూటల భోజనం. అది సరిపోతుందని నేను అనను, కానీ సీటు దొరికిన పేద పిల్లకు దానికి మించిన ఆదా ఇంకోటి లేదు. గది అద్దె లేదు, ఆటో లేదు, ఇంటి పని లేదు. మరి అందరూ ఎందుకు అడగరంటే, దోస్త్‌లో సీటు ఒక కిటికీ దగ్గర, హాస్టల్ సీటు ఇంకో కిటికీ దగ్గర. కాలేజీ సీటు ముందు వస్తుంది, హాస్టల్ సీటు వస్తుందో రాదో తరగతులు మొదలయ్యాక గానీ తెలియదు. ఆ నడుమ వారాల్లో పిల్లలు బస్సుకు అలవాటు పడిపోతారు, లేకపోతే ఇంటికి తిరిగొచ్చేస్తారు. కాలేజీ ఆప్షన్ పెట్టే పేజీలోనే ఆ ఊళ్లో హాస్టల్ ఖాళీలెన్ని ఉన్నాయో చూపించడం కంప్యూటరుకు కష్టమైన పని కాదు. రెండూ ప్రభుత్వానివే.

ముందు ఉండే చోటు, తర్వాత చదువు అన్న ఆలోచన మా ప్రాంతానికి కొత్తది కాదు. హైదరాబాదులో రెడ్డి హాస్టల్ 1918లో రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డి చొరవతో మొదలైంది. నిజాం రాష్ట్రంలో ప్రభుత్వ బస్సులు మొదలైంది 1932లో, అదీ 27 బస్సులతో. బస్సు కంటే పద్నాలుగేళ్ల ముందు హాస్టల్ వచ్చింది. పల్లె పిల్లలు పట్నంలో చదవాలంటే ముందు తలదాచుకునే చోటు, రెండు పూటలా అన్నం కావాలని ఆనాటి పెద్దలు గ్రహించారు. సురవరం ప్రతాపరెడ్డి ఏళ్ల తరబడి ఆ హాస్టల్ బాధ్యతలు చూశారు. అక్కడ ఉండి చదువుకున్నవాళ్లలో రావి నారాయణరెడ్డి ఒకరు. ఆయనే 1941లో మా చిలుకూరులో జరిగిన ఎనిమిదో ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు. ఆ సభ జరిగిన ఊళ్లో కూర్చుని పిల్లల ఆప్షన్లు నింపుతుంటే నాకు ఆ హాస్టల్ తరచూ గుర్తుకొస్తుంది. కులం పేర మొదలైన హాస్టల్ అయినా, పల్లెటూరి విద్యార్థికి అప్పుడు ఏది అడ్డమో అది సరిగ్గా పట్టుకుంది.

దూరదేశాల్లో మన పిల్లలే ఈ లెక్క మనకంటే బాగా వేస్తున్నారు. అమెరికా పోయిన మా చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు అక్కడ అపార్ట్‌మెంటు వెతుక్కునేటప్పుడు అద్దెతో పాటు అడిగే ప్రశ్న, యూనివర్సిటీ బస్సు ఆ వీధికి వస్తుందా అని. కారు కొనుక్కునే దాకా అదే ఆధారం. అద్దె కాస్త ఎక్కువైనా బస్సు దారిలోనే ఉంటారు. జర్మనీలో 2024లో చాలా యూనివర్సిటీలు అప్పటి రేటు నెలకు 29.40 యూరోలకు దేశమంతా లోకల్ రైళ్లు, బస్సుల్లో తిరిగే సెమిస్టర్ టికెట్టు ఫీజుతో పాటే ఇవ్వడం మొదలుపెట్టాయి. అక్కడ విద్యార్థి ఎక్కడున్నా ప్రయాణం ఖర్చు ఒకటే, కాబట్టి అద్దె తక్కువున్న ఊరు ఎంచుకుంటాడు. టెక్సాస్ పోయే పిల్లవాడు అడిగే ప్రశ్న కోదాడ పోయే పిల్లవాడూ అడగాలి.

కాబట్టి ఈ వేసవిలో ఆప్షన్లకు వచ్చే తల్లిదండ్రులకు నా మాట. ఫీజులు, ర్యాంకులు చూసిన తర్వాత, కాలేజీ పేరు ఖాయం చేసే ముందు, ఒక మామూలు పనిరోజున పిల్లను వెంటబెట్టుకుని ఆ కాలేజీకి ఒకసారి పోయి రండి. సొంత బండి మీద వద్దు, ఆమె రోజూ పోవాల్సిన బస్సుల్లోనే పోండి. సాయంత్రం కాలేజీ వదిలే వేళకు అక్కడి నుంచి బయల్దేరండి. ఎన్ని బండ్లు మారారో, ఎన్ని గంటలకు ఇంట్లో కాలు పెట్టారో చూసుకోండి. కూతురిని గదిలో ఉంచడానికి భయపడే ఇళ్లు మా దగ్గర చాలా ఉన్నాయి, ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసేయను. అలాంటప్పుడు ముందు సంక్షేమ హాస్టల్ అడగండి. అది లేకపోతే ఒక్క బస్సులో చేరే కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ కాలేజీలు పైన పెట్టి సూర్యాపేట కింద పెట్టండి. కోదాడలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. పక్కనే ఉందని దాన్ని చిన్నచూపు చూడొద్దు.

అధికారులను అడిగేది కూడా పెద్దదేమీ కాదు. కోదాడ డిపో నుంచి సాయంత్రం నాలుగున్నర, ఆరు నడుమ హుజూర్‌నగర్ వైపు, సూర్యాపేట వైపు ఒక్కో పల్లె వెలుగు అదనంగా వేయాలి. కాలేజీ టైములు మారినప్పుడు బస్సు టైములు మార్చాలి. ఏడాదికి ఒక్కసారి జూన్‌లో ప్రిన్సిపాళ్లు, డిపో మేనేజరు, హాస్టల్ వార్డెన్లు ఒక గదిలో కూర్చుంటే సగం పని అయిపోతుంది. ఆడపిల్లల హాస్టళ్లలో సీట్లు పెంచాలి. బస్సు ఉచితం చేశాం కదా, హాస్టల్ ఎందుకని ఎవరైనా అనొచ్చు. పైన చెప్పిన 72 గంటలే దానికి జవాబు.

మా మండలం పిల్లల్లో ఎవరికైనా కాలేజీ వదిలే వేళకు బస్సు లేకపోతే, ఏ ఊరు, ఏ కాలేజీ, ఎన్ని గంటలకు వదులుతారు, ఎంతమంది ఉన్నారు అన్నవి రాసుకుని నా దగ్గరికి రండి. డిపో మేనేజరు గారికి దరఖాస్తు నేను టైపు చేసి పెడతాను, ప్రింటుకు డబ్బులు తీసుకోను. సంతకాలు మీరు చేయాలి, కోదాడ దాకా నాతో రావాలి.